పొగ రాని నిప్పుతోనే అసలు భయం

నిప్పు లేనిదే పొగ రాదని అందరికీ తెలుసు. కానీ పొగ లేకుండా కూడా నిప్పు ఉంటుంది, చలికాలంలో మూసిన గదుల్లో ప్రాణాలు తీసేది చాలాసార్లు ఆ నిప్పే. కుంపటి అంటించేటప్పుడు ఎవరైనా బయటే అంటిస్తారు. వాకిట్లో పెట్టి విసనకర్రతో విసిరి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా కణకణలాడాక లోపలికి తెస్తారు. కళ్లు మండవు, దగ్గు రాదు, గది హాయిగా వెచ్చబడుతుంది, ఇంక పొగ లేదు కదా అని తలుపు గడియ పెట్టుకుంటారు. పొరపాటు సరిగ్గా అక్కడే జరుగుతోంది.

కట్టె అంటుకోగానే వచ్చే పొగ కంటికి కనిపిస్తుంది, ముక్కుకి తెలుస్తుంది, మనిషిని గదిలోంచి లేచి పోయేలా చేస్తుంది. ఒక రకంగా ఆ పొగే హెచ్చరిక. కట్టె కాలి బొగ్గయ్యాక ఆ హెచ్చరిక ఆగిపోతుంది, విషం మాత్రం ఆగదు. ఎర్రటి బొగ్గుల గుట్టలో లోపలికి గాలి సరిగ్గా అందదు, అందుకే బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. కుంపటిని దగ్గర నుంచి చూస్తే బొగ్గుల మీద అప్పుడప్పుడు సన్నని నీలం మంట ఆడుతూ కనిపిస్తుంది కదా, ఆ మంటలో మండుతున్నది ఈ వాయువే. నీలం మంట కనిపించని చోట అది మండకుండా నేరుగా గదిలోకి వస్తోంది.

ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా కాస్త తేలిక, కాబట్టి గదంతా కలిసిపోతుంది, మంచం మీద పడుకున్నా నేల మీద పడుకున్నా తేడా ఉండదు. పీల్చినప్పుడు రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంటే గదిలో ఈ వాయువు కొంచెమే ఉన్నా, గంటలు గడిచేకొద్దీ రక్తంలో పేరుకుంటూ ఆక్సిజన్‌కి చోటు లేకుండా చేస్తుంది. మొదట తలనొప్పి, తర్వాత తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, కాళ్లలో బలం లేకపోవడం. నిద్రలో ఉన్నవాళ్లకి ఇవేవీ తెలియవు, మత్తులోకి జారిపోతారు. మెలకువగా ఉన్నవాళ్లు కూడా తేరుకుని లేచి కిటికీ తీద్దామనుకునేసరికి లేవలేని స్థితికి వచ్చేస్తారు.

అయితే మన పెద్దవాళ్లు తరాల తరబడి కుంపటి వాడారు కదా, వాళ్లకేం కాలేదే అనే మాట తప్పకుండా వస్తుంది. ఆ మాటలో నిజం ఉంది, కానీ తేడా కుంపటిలో లేదు, ఇంట్లో ఉంది. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి, చూరు కింద నుంచి, తలుపు చెక్కల మధ్య నుంచి గాలి రోజంతా ఆడుతూనే ఉండేది. మండువా ఇంటికి నడిమధ్యన ఆకాశమే కప్పు. వంటింట్లో పొయ్యి పైన పొగ పోవడానికి గూడు ఉండేది. ఆ ఇళ్లకి కావాలన్నా గాలి చొరకుండా మూయడం కుదరదు. ఇప్పటి స్లాబు ఇంట్లో, ఏసీ చల్లదనం బయటికి పోకూడదని అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు, వాటికి రబ్బరు అంచులు, తలుపు కింద దుమ్ము రాకుండా పట్టీ. ఆ గదిలోకి అదే కుంపటిని తెస్తే అది వేరే వస్తువు అయిపోతుంది.

బాలింత గది గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తల్లికీ బిడ్డకీ చలి తగలకూడదని గదిలో కుంపటి పెట్టడం, స్నానం అయ్యాక ఆ నిప్పుల మీదే సాంబ్రాణి వేసి పొగ పట్టడం చాలా ఇళ్లలో ఇంకా ఉంది. ప్రేమతో చేసేదే, ఎవరినీ తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ ఆ గదికి చలిగాలి రాకూడదని ఉన్న సందులన్నీ గుడ్డలతో మూసేస్తారు చూడండి, భయపడాల్సింది దానికే. నిప్పు ఉన్న గదికి ఏ బాలింత కోసమైనా సరే కిటికీ తెరిచే ఉండాలి. రాత్రి అందరూ పడుకునే ముందు కుంపటి గది దాటి, వరండా కూడా దాటి, వాకిట్లోకి వెళ్లిపోవాలి. వెచ్చదనానికి దుప్పట్లు, వేడినీళ్ల సంచి, ఊలు టోపీ, మేజోళ్లు చాలు. కడుపుతో ఉన్నవాళ్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి, ఎందుకంటే తల్లికి పెద్దగా ఇబ్బంది అనిపించని మోతాదు కూడా కడుపులో బిడ్డకి ప్రమాదం కావచ్చు.

ఇదే కుంపటి సంగతిని వేల మైళ్ల దూరంలో డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న కుటుంబం ఫైర్‌ప్లేస్ ముందు, అంటే చలి కాచుకోవడానికి గోడలో కట్టిన పొయ్యి ముందు, కూర్చుని గుర్తుచేసుకోవాలి. అక్కడ చాలా ఇళ్లకి హాల్లో ఫైర్‌ప్లేస్ ఇంటితో పాటే వస్తుంది. ఏడాదంతా దాని పైనున్న అరలో ఫోటో ఫ్రేములు, దేవుడి విగ్రహాలు ఉంటాయి, మొదటిసారి గట్టిగా మంచు పడ్డ సాయంత్రం అందరికీ దాన్ని వెలిగిద్దామనిపిస్తుంది. కొట్లో కట్టెల కట్ట ఒకటి కొనుక్కొచ్చి, వీడియో ఒకటి చూసి అంటిస్తారు. పాత యజమానులు దాన్ని చివరిసారి ఎప్పుడు వెలిగించారో, పొగ పైకి పోయే చిమ్నీలో పిట్టలు గూడు పెట్టాయో, లోపలి గొట్టం ఎక్కడైనా పగిలిందో చూసినవాళ్లు ఉండరు.

ముందు అది ఏ రకమో తెలుసుకోవాలి. కట్టెలతో వెలిగేదా, గ్యాసుదా, కరెంటుదా. కట్టెలది అయితే లోపలికి టార్చి వేసి పైకి చూస్తే చిమ్నీ గొంతు దగ్గర ఇనుప రేకు తలుపు కనిపిస్తుంది, దాన్నే డ్యాంపర్ అంటారు. వెలిగించేటప్పుడు అది పూర్తిగా తెరిచి ఉండాలి. గ్యాసువాటిలో కొన్నిటికి బయటి గోడలోంచి గొట్టం ఉంటుంది, గాలి తీసుకోవడం, వదలడం రెండూ బయటితోనే జరుగుతాయి, గాజు పలక మూసే ఉంటుంది. ఉన్నవాటిలో భయం తక్కువైనవి ఇవి. కట్టెల ఫైర్‌ప్లేస్‌లోనే తర్వాత గ్యాసు దుంగలు (కట్టెల్లా కనిపిస్తూ గ్యాసుతో మండేవి) అమర్చిన ఇళ్లలో డ్యాంపర్ ఎప్పటికీ పూర్తిగా మూసుకోకుండా ఒక క్లాంపు బిగించి ఉండాలి, అది ఉందో లేదో చూసుకోవాలి. అసలు చిమ్నీయే అక్కర్లేని గ్యాసు ఫైర్‌ప్లేస్‌లు కూడా అమ్ముతారు, వాటి వ్యర్థ వాయువులన్నీ గదిలోకే వస్తాయి, కాలిఫోర్నియాలో ఇళ్లకి వీటిని అమ్మడానికి అనుమతే లేదు. ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్ వాటికి ఉంటుందని చెబుతారు గానీ, పడకగదుల మధ్య అలాంటిదాన్ని పెట్టుకోకపోవడమే నయం.

కట్టెల ఫైర్‌ప్లేస్‌కి గాలి సరిగ్గా లాగుతోందో లేదో చూడడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, పూజ గదిలో ఉన్న అగరబత్తి చాలు. డ్యాంపర్ తెరిచి, వెలిగించిన అగరబత్తిని ఫైర్‌ప్లేస్ నోటి దగ్గర పట్టుకోవాలి. పొగ లోపలికి వంగి పైకి పోతే చిమ్నీ లాగుతున్నట్టు. పొగ వెనక్కి మొహం మీదికి వస్తే చిమ్నీలోని చల్లటి గాలి కిందికి దిగుతున్నట్టు, అప్పుడు కట్టెలు అంటిస్తే ఇల్లంతా పొగే. దగ్గర్లో కిటికీ ఒక అంగుళం తీసి మళ్లీ చూడాలి. అప్పటికీ తిరగకపోతే పాత న్యూస్‌పేపర్‌ని గొట్టంలా చుట్టి అంటించి డ్యాంపర్ కింద ఒకట్రెండు నిమిషాలు పట్టుకుంటే చిమ్నీ గొంతు వేడెక్కి గాలి పైకి తిరుగుతుంది.

ఇప్పుడు అదే అగరబత్తిని అక్కడే పట్టుకుని వంటింట్లో హుడ్‌ని, అంటే పొయ్యి పైన పొగని బయటికి లాగే ఫ్యాన్‌ని, ఫుల్లుగా పెట్టమని చెప్పండి. కొన్ని ఇళ్లలో పొగ అలా చూస్తుండగానే తిరిగిపోయి గదిలోకి వస్తుంది. మన వాళ్ల ఇళ్లలో ఈ సంగతి అందరికన్నా ఎక్కువ పట్టించుకోవాలి, ఎందుకంటే పోపు ఘాటుకీ చేపల పులుసు వాసనకీ తట్టుకోలేక మనం పెద్ద హుడ్లే పెట్టించుకుంటాం. నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలి లాగే హుడ్, 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న గదిలోని గాలి మొత్తాన్ని రెండున్నర నిమిషాల్లోపే బయటికి తోసేయగలదు. అంత గాలి పోతే అంత గాలీ ఎక్కడి నుంచో రావాలి. కొత్త ఇళ్లు చలి రాకుండా గట్టిగా మూసి కట్టినవి, కాబట్టి గాలికి దొరికే పెద్ద దారి చిమ్నీయే. పైకి పోవాల్సిన వాయువులు వెనక్కి ఇంట్లోకి వస్తాయి. 400 ఘనపుటడుగులు దాటిన హుడ్ పెడితే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా ఉండాలని చాలా రాష్ట్రాలు పాటించే నిర్మాణ నిబంధనల్లో ఉంది, అది సరిగ్గా ఇందుకే. పండక్కి అందరూ వచ్చి, వంటింట్లో నాలుగు బర్నర్లూ వెలుగుతూ, హాల్లో ఫైర్‌ప్లేస్ కూడా వెలిగే రోజున ఫైర్‌ప్లేస్ వైపు కిటికీ కాస్త తీసి ఉంచాలి. చలి వస్తుందని బాధపడనక్కర్లేదు. తెరిచి ఉండే ఫైర్‌ప్లేస్ ఎలాగూ ఇంటిని పెద్దగా వేడి చెయ్యదు, వేడిలో ఎక్కువ భాగం చిమ్నీలోంచి పోతుంది, ఇంట్లో హీటర్ వేడి చేసిన గాలిని కూడా తనతో లాక్కుపోతుంది. ఇల్లు వెచ్చబడాలంటే తలుపు ఉన్న ఉడ్ స్టవ్ (కట్టెలతో మండే ఇనుప పొయ్యి) కావాలి, ఫైర్‌ప్లేస్ చూసుకోవడానికి బాగుంటుంది.

రాత్రి పది దాటుతుంది. మంట తగ్గింది, దుంగలు బొగ్గులయ్యాయి, పొగ లేదు. ఇంట్లో వేడంతా చిమ్నీలోంచి పోతోందని ఎవరో ఒకరు లేచి డ్యాంపర్ మూసేసి పడుకోవడానికి వెళ్తారు. మొదట చెప్పిన కుంపటి కథ ఇదే. మంట ఆరాక మిగిలిన ఎర్రటి బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదిలే వేళలో, అది పోయే ఒకే ఒక్క దారిని చేత్తో మూసినట్టు. బూడిద పూర్తిగా చల్లారేదాకా, అంటే మర్నాడు పొద్దున దాకా, డ్యాంపర్ తెరిచే ఉండాలి. ఉడ్ స్టవ్‌లో కూడా రాత్రంతా సన్నగా మండుతూ ఉండాలని గాలి రంధ్రాలు మరీ బిగించేస్తుంటారు, అది రెండు విధాలా చెరుపు. ఒకటి ఈ విషవాయువు, రెండోది చిమ్నీలో పేరుకునే తారు.

ఆ తారు సంగతి కట్టెల దగ్గర మొదలవుతుంది. పచ్చి కట్టె ఎంత ఏడిపిస్తుందో ఊదుగొట్టం పట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పుడే నరికిన చెట్టు బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే వేడంతా ఖర్చయిపోతుంది, పొగ చల్లగా వెళ్తుంది, చిమ్నీ గోడలకి 120 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ వేడితో తగిలిన పొగ అక్కడే గడ్డకడుతుంది. మొదట మసిలా, తర్వాత నల్లటి పెచ్చుల్లా, చివరికి మెరిసే తారు పూతలా తయారవుతుంది. దాన్ని క్రియోసోట్ అంటారు, చక్కగా మండుతుంది. ఒక రోజు గట్టిగా మంట వేసినప్పుడు అది అంటుకుంటే చిమ్నీ లోపల వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది, రైలు పోతున్నట్టు చప్పుడు వస్తుంది. అలాంటి చప్పుడు వినిపిస్తే స్టవ్ తలుపు, గాలి రంధ్రాలు మూయగలిగితే మూసి, అందరూ బయటికి వచ్చి అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యాలి. మంట దానంతట అదే తగ్గినా సరే, చిమ్నీని నిపుణులు చూసేదాకా మళ్లీ వెలిగించకూడదు, ఎందుకంటే లోపలి గొట్టం పగిలితే తర్వాతి మంట వేడి గోడలోని చెక్కకి తగులుతుంది. అమెరికాలో అగ్నిప్రమాద నివారణ ప్రమాణాలు ఏడాదికి ఒకసారి చిమ్నీని తనిఖీ చేయించాలని చెబుతాయి. మసి ఎనిమిదో వంతు అంగుళం మందం పేరుకుంటే శుభ్రం చేయించాల్సిందే.

కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. చిన్న మీటర్ దొరుకుతుంది, రెండు సూదులుంటాయి, కట్టెని చీల్చి కొత్తగా బయటపడ్డ లోపలి ముఖంలో గుచ్చి చూడాలి, పైన చూస్తే తప్పు లెక్క చూపిస్తుంది. మీటర్ లేకపోతే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి వినండి, ఎండినవి టంగుమంటాయి, పచ్చివి మొద్దుగా చప్పుడు చేస్తాయి. రంగులు వేసిన చెక్క, రసాయనాలు పట్టించిన కంచె చెక్క, ప్లాస్టిక్ ఎప్పుడూ వెయ్యకూడదు. ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు కూడా వద్దు, కాలుతున్న అట్ట తేలిపోయి చిమ్నీలోంచి పైకప్పు మీద పడుతుంది. కిరసనాయిలు, పెట్రోలు మాట ఎత్తనే కూడదు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట: గాలి బాగా లేదని ప్రకటించిన రోజుల్లో అక్కడ కట్టెలు కాల్చడం చట్టవిరుద్ధం, 2016 నవంబర్ నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో కట్టెల ఫైర్‌ప్లేస్‌లే పెట్టకూడదు.

నివురుగప్పిన నిప్పు అనే మాటని మనం మనుషుల గురించే ఎక్కువగా వాడుతుంటాం గానీ బూడిద విషయంలో అది అక్షరాలా నిజం. బూడిద మంచి దుప్పటి, లోపలి కణికలని మూడు నాలుగు రోజుల దాకా వెచ్చగా కాపాడుతుంది. 2011 క్రిస్మస్ తెల్లవారుజామున కనెక్టికట్ రాష్ట్రంలోని స్టాంఫర్డ్‌లో ఒక ఇల్లు కాలిపోయి ముగ్గురు చిన్నపిల్లలు, వాళ్ల తాత, అమ్మమ్మ చనిపోయారు. ఫైర్‌ప్లేస్‌లోంచి తీసి పక్కన పెట్టిన బూడిదలోని కణికల వల్లే మంట పుట్టిందని అక్కడి అధికారులు చెప్పారు. బూడిదని కాగితం సంచిలోకీ, ప్లాస్టిక్ చెత్తబుట్టలోకీ ఎత్తకూడదు. మూత బిగుతుగా పట్టే ఇనుప బకెట్‌లోకి ఎత్తి, నీళ్లు చల్లి, ఇంటికి కనీసం పది అడుగుల దూరంలో నేల మీద పెట్టాలి. చెక్క డెక్ మీద వద్దు, గరాజ్‌లో అసలే వద్దు.

పిల్లలున్న ఇంట్లో గ్యాసు ఫైర్‌ప్లేస్ గాజు పలక ఇంకో ప్రమాదం. స్విచ్ నొక్కితే వెలుగుతుంది కాబట్టి టీవీలాంటిదే అనిపిస్తుంది, కానీ ఆ గాజు 200 డిగ్రీల సెల్సియస్ పైకి పోగలదు, ఆపేశాక కూడా చాలాసేపు కాలుతుంది. అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న పిల్లలు తూలి రెండు అరచేతులూ దాని మీద ఆనిస్తారు. 2015 నుంచి అమెరికాలో తయారయ్యే వాటికి ముందు రక్షణ జాలీ తప్పనిసరి అయ్యింది, పాత ఇల్లు కొంటే అది ఉండకపోవచ్చు. వెలిగించే ముందు చుట్టూ మూడడుగుల లోపల సోఫా, కార్పెట్, పట్టుచీర ఆరేసిన కుర్చీ ఏవీ లేకుండా చూసుకోవాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులో, పడకగదుల బయట ఉండాలి. అక్కడ మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. గృహప్రవేశంలో హోమం పొగకి అలారం మోగుతుందని దాన్ని ఊడదీసి అరమరలో పెడతారు, పోపు వేసినప్పుడల్లా మోగుతోందని ఇంకోదాని బ్యాటరీ తీస్తారు. చాలా ఇళ్లలో పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకే డబ్బాలో ఉంటాయి, కాబట్టి ఊడదీస్తే రెండూ పోతాయి. హోమం పూర్ణాహుతి అవగానే అలారం మళ్లీ గోడకెక్కించడం కూడా ఆ రోజు పనుల్లో ఒకటిగా ఎవరికైనా అప్పగించాలి. వెనక తయారీ తేదీ ఉంటుంది, రకాన్ని బట్టి అయిదు నుంచి పదేళ్లలో దాని ఆయుష్షు అయిపోతుంది, బటన్ నొక్కితే మోగినా సరే. ఇంకో సంగతి, తక్కువ మోతాదుకి ఇది వెంటనే మోగదు. గాలిలో పది లక్షల పాళ్లకి 70 పాళ్లు ఉన్నప్పుడు గంట నుంచి నాలుగు గంటల మధ్య ఎప్పుడైనా మోగొచ్చు, 400 ఉంటే పావుగంట లోపు మోగుతుంది. కాబట్టి మోగిందంటే అప్పటికే కాసేపట్నుంచి పీలుస్తున్నారని లెక్క.

కరెంటు పోయిన రోజు అన్నిటికన్నా ప్రమాదం. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు జనం బొగ్గుల గ్రిల్లులు ఇంట్లోకి తెచ్చుకున్నారు, గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి అందులో కూర్చున్నారు. ఆ వారంలో 1,400 మందికి పైగా కార్బన్ మోనాక్సైడ్ విషంతో ఆసుపత్రులకి వెళ్లారు. అంతకు ముందు ఏడాది, 2020 జనవరిలో, నేపాల్‌లోని దామన్‌కి వెళ్లిన కేరళ పర్యాటకులు ఎనిమిది మంది ఒకే గదిలో గ్యాసు హీటర్ పెట్టుకుని తలుపులు మూసుకుని పడుకుని చనిపోయారు, వాళ్లలో నలుగురు పిల్లలు. ఇప్పుడు లంబసింగి, వంజంగి, అరకు వైపు డిసెంబర్, జనవరి నెలల్లో గుడారాల్లో పడుకునేవాళ్లు ఎక్కువయ్యారు. బయట వేసుకున్న చలిమంట ఎంతసేపైనా బాగుంటుంది. ఆ మంటలోని బొగ్గుల్ని పళ్లెంలో ఎత్తుకుని గుడారంలోకి తెచ్చి జిప్పు వేసుకుంటేనే దామన్‌లో జరిగింది మళ్లీ జరుగుతుంది.

అలా నిప్పున్న గదిలో ఎవరైనా స్పృహ తప్పినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పీ వాంతులూ వచ్చి బయటికొస్తే తగ్గినా, ముందు తలుపులు తీసి మనుషుల్ని బయటి గాలిలోకి తేవాలి, తర్వాత 108కి గానీ అమెరికాలో అయితే 911కి గానీ ఫోన్ చెయ్యాలి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో ఉంది, వెంటనే దాన్ని వేలికి పెట్టి 98 ఉంది, ఏమీ లేదులే అనుకుంటారు. ఆ పరికరానికి ఆక్సిజన్ పట్టుకున్న రక్తానికీ కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తానికీ తేడా తెలియదు, రెండిటినీ ఒకేలా లెక్కపెడుతుంది. రక్త పరీక్షలోనే బయటపడుతుంది. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఆ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. అందుకే ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఫుడ్ పాయిజనింగేమో అని కాకుండా, "రాత్రంతా గదిలో కుంపటి ఉంది, తలుపులు మూసి ఉన్నాయి" అని డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి.